అలాస్కాలో దొరికిన జపాన్ జీరో విమానాన్ని చూసే హెల్‌క్యాట్ తయారు చేశారా? ఆ విమానం ఇప్పుడెక్కడుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో అలాస్కా దగ్గర కూలిన జపాన్ జీరో ఒకటి అమెరికాకి దొరికిందనీ, దాన్ని విప్పి చూసి గ్రమ్మన్ కంపెనీ హెల్‌క్యాట్ యుద్ధ విమానం తయారు చేసిందనీ ఒక వీడియోలో విన్నారు. అది నిజమేనా, ఆ విమానం ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది, తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి ప్రాజెక్టులో ఏమని రాయాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. విమానం దొరికిన మాట నిజం. దాన్ని చూసి హెల్‌క్యాట్ చేశారన్న మాట అబద్ధం. ఆ విమానం ఇప్పుడు లేదు. 1945 ఫిబ్రవరిలో రన్‌వే దగ్గర జరిగిన ప్రమాదంలో ముక్కలైపోయింది. కొన్ని మీటర్లు, చిన్న చిన్న భాగాలు మాత్రం అమెరికా మ్యూజియాల్లో ఉన్నాయి. అలాగని ఆ విమానం వల్ల ఉపయోగం లేదనుకోకండి. చాలా ఉంది. అది వీడియోల్లో చెప్పే రకం ఉపయోగం కాదు, అంతే.

నా సంగతి ఒక్క మాట చెప్తాను. నేను భారత వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టర్‌గా ఇరవై ఏళ్ళు, తర్వాత ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో మెయింటెనెన్స్ ఇంజనీరుగా మరో పద్ధెనిమిదేళ్ళు పనిచేశాను. ఈ జీరో కథంటే నాకు మొదటినుంచీ ప్రాణం. కారణం ఏమిటంటే ఇందులో పైలట్లకి ఎంత పాత్ర ఉందో, బురదలోంచి విమానాన్ని పైకి తీసి మళ్ళీ ఎగిరేలా చేసిన మెకానిక్కులకీ అంత పాత్ర ఉంది. వాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

అసలు ఏం జరిగింది

ఆ విమానం మిత్సుబిషి ఏ6ఎం2, మోడల్ 21. సీరియల్ నంబరు 4593. తోక మీద డీఐ-108 అని రాసి ఉండేది. నగోయా ఫ్యాక్టరీలో 1942 ఫిబ్రవరి 19న తయారైంది. జపాన్ పాత లెక్కలో 1940వ సంవత్సరం 2600 కాబట్టి, ఆ ఏడాది సర్వీసులోకి తీసుకున్న ఈ రకానికి ఆఖరి సున్నా పేరైంది. అందుకే జీరో.

1942 జూన్ 4న ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి బయల్దేరి అలాస్కాకి చెందిన అలూషియన్ దీవుల్లో అమెరికా స్థావరమైన డచ్ హార్బర్ మీద దాడికి వెళ్ళింది. పైలట్ తదయోషి కోగా, వయసు 19 ఏళ్ళు. కిందనుంచి వచ్చిన చిన్న తూటాల్లో ఒకటి ఆయిల్ రిటర్న్ పైపుని తెంపేసింది. ఈ రంగంలో పనిచేసినవాళ్ళకి దీని అర్థం వెంటనే తెలుస్తుంది. ఇంజన్ బాగానే తిరుగుతుంది, పెట్రోలు ఉంటుంది, కానీ తిరిగే కొద్దీ ఆయిల్ బయటికి చిమ్మేస్తూ ఉంటుంది. ఇక మిగిలింది కొద్ది నిమిషాలే. ఆయిల్ అయిపోగానే లోపల ఇనుము ఇనుముతో రాసుకుని ఇంజన్ పట్టేస్తుంది.

డచ్ హార్బర్‌కి తూర్పున పాతిక మైళ్ళ దూరంలో ఉన్న అకుటాన్ దీవిని అత్యవసరంగా దిగడానికి ముందే గుర్తు పెట్టుకున్నారు. అక్కడ దిగితే జలాంతర్గామి వచ్చి తీసుకెళ్తుందని ఏర్పాటు. పైనుంచి చూస్తే పచ్చగా, చదునుగా, గట్టినేలలా కనపడింది. కోగా చక్రాలు దించుకుని దిగాడు. అది బురదనేల. చక్రాలు దిగబడ్డాయి, విమానం ముందుకి పల్టీ కొట్టి వెల్లకిలా పడింది. కోగా అక్కడికక్కడే చనిపోయాడు. వెంట వేరే జీరోల్లో ఉన్న పైలట్లు ఎండో, షికాడా ఇద్దరికీ ఒక ఆజ్ఞ ఉంది: శత్రువు నేల మీద జీరో దిగిపోతే కాల్చి నాశనం చెయ్యాలి. కానీ లోపల తమ స్నేహితుడు బతికే ఉన్నాడేమో అన్న అనుమానంతో వాళ్ళు కాల్చలేకపోయారు. ఆ తర్వాతిదంతా ఆ ఒక్క క్షణం వల్లే జరిగింది.

విమానం 36 రోజులు అలాగే పడి ఉంది. జులై 10న దారి తప్పిన ఒక అమెరికా కాటలీనా గస్తీ విమానం ఆ దీవి మీదుగా వెళ్తుంటే, అందులోని సిబ్బంది కంట పడింది. దాన్ని నడిపింది లెఫ్టినెంట్ విలియం థీస్. మర్నాడే మనుషులు వెళ్ళి చూశారు. రెండోసారి వెళ్ళిన జట్టు దగ్గర బరువులెత్తే సామగ్రి లేక పని కాలేదు. జులై 15న మూడో జట్టు ట్రాక్టర్, బార్జ్ వేసుకుని వచ్చి, ఇంకేమీ విరగకుండా తీరానికి లాగింది. డచ్ హార్బర్‌లో దాన్ని సరిగా తిప్పి నిలబెట్టి, కడిగి, ఓడ ఎక్కించారు. ఆగస్టు 1న సియాటిల్ చేరింది. అక్కడినుంచి శాన్ డియాగో దగ్గరి నార్త్ ఐలండ్ నేవీ స్థావరానికి తీసుకెళ్ళారు.

బురదలో బోల్తాపడ్డ విమానాన్ని తియ్యడం అంటే ఏమిటి

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి మా క్లబ్ సెస్నా 152 వాన పడ్డ మర్నాడు రన్‌వే వదిలి పక్కనున్న నల్లరేగడిలోకి పోయింది. పైపొర ఎండి గట్టిగానే కనిపిస్తోంది. ముందు చక్రం దిగబడింది, విమానం వెల్లకిలా పడింది. దేవుడి దయవల్ల కుర్రాడు బెల్టు కట్టుకుని ఉన్నాడు, గీతలతో బయటపడ్డాడు. నలుగురం పట్టుకుని తిప్పేద్దామని అక్కడున్నవాళ్ళు తొందరపడ్డారు. నేను ఒప్పుకోలేదు. అలా తిప్పితే కూలినప్పుడు జరగని నష్టం తీసేటప్పుడు జరుగుతుంది. రెక్క మొదట్లో ఒత్తిడి ఎక్కడ పడాలో అక్కడే స్లింగ్ వెయ్యాలి, లోపలున్న పెట్రోలు ముందు ఖాళీ చెయ్యాలి, క్రేన్ వాడికి అంగుళం అంగుళం చెప్పాలి. ఆ చిన్న విమానానికే మాకు రోజంతా పట్టింది.

జీరోతో ఇంకో చిక్కుంది. దాని రెక్కల్ని విడదియ్యడానికి వీల్లేదు. బరువు తగ్గించడం కోసం డిజైనర్ జిరో హొరికోషి రెక్కల్నీ, మధ్య శరీరాన్నీ ఒకే నిర్మాణంగా చేశాడు. బోల్టులు ఉంటే బరువు పెరుగుతుంది. మోడల్ 21 రెక్క ఈ చివరినుంచి ఆ చివరికి 12 మీటర్లు. నౌక లిఫ్టులో పట్టడానికి చివర్లు అరమీటరు చొప్పున మడుచుకుంటాయి, అంతే. అంత వెడల్పు ఉన్నదాన్ని రోడ్డూ క్రేనూ లేని దీవి నుంచి, తీరానికి అర మైలు లోపల బురదలోంచి, రెక్క వంగకుండా తెచ్చారంటే నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

నార్త్ ఐలండ్‌లో తోక ఫిన్, రడ్డర్, రెక్కల చివర్లు, ఫ్లాపులు, పైలట్ మీదుండే అద్దాల మూత సరిచేశారు. విరిగిపోయిన చక్రాల కాళ్ళకి ఎక్కువ పని పట్టింది. ప్రొపెల్లర్‌ని సాపు చేసి అదే మళ్ళీ బిగించారు. ఇప్పుడైతే ప్రొపెల్లర్ నేలకి తగిలితే ఇంజన్ మొత్తం విప్పి చూడందే మేం ఎగరనివ్వం. యుద్ధకాలంలో, మాన్యువల్ లేకుండా, స్పేర్ పార్టులు లేకుండా, చదవలేని భాషలో రాసున్న మీటర్ల మధ్య వాళ్ళు దాన్ని రెండు నెలల్లోపే గాల్లోకి పంపారు. 1942 సెప్టెంబరు 20న లెఫ్టినెంట్ కమాండర్ ఎడ్డీ శాండర్స్ మొదటిసారి నడిపాడు. అక్టోబరు 15 లోపు 24 సార్లు ఎగిరాడు.

ఎగిరితే ఏం తెలిసింది

మీ అబ్బాయికి బాగా అర్థం కావలసింది ఈ భాగం. అప్పటికే కూలిన జీరోలు కొన్ని దొరికాయి. శకలాన్ని చూస్తే రేకు మందం తెలుస్తుంది, ఇంజన్ సైజు తెలుస్తుంది, పైలట్ వెనక ఇనుప కవచం లేదనీ, తూటా తగిలితే వాటంతట అవి మూసుకునే పెట్రోలు ట్యాంకులు లేవనీ తెలుస్తుంది. కానీ స్టిక్ (పైలట్ చేతిలో ఉండే కంట్రోల్ కర్ర) ఎప్పుడు బిగుసుకుంటుందో, ఇంజన్ ఎప్పుడు దగ్గుతుందో శకలం చెప్పదు. దానికి ఎగిరే విమానం కావాలి. అకుటాన్ జీరో విలువంతా ఇక్కడే ఉంది.

శాండర్స్ కనిపెట్టినవాటిలో ముఖ్యమైనవి చెప్తాను.

మొదటిది, వేగం 200 నాట్లు (గంటకి సుమారు 370 కిలోమీటర్లు) దాటితే ఎలిరాన్లు బిగుసుకుపోతాయి. విమానాన్ని పక్కకి దొర్లించేది రెక్కల చివరుండే ఎలిరాన్లే. జీరోకి అవి పెద్దవి. తక్కువ వేగంలో అందుకే అది గిర్రున తిరిగేది. అదే వేగం పెరిగితే గాలి నెట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. అప్పట్లో హైడ్రాలిక్ సాయం లేదు, పైలట్ భుజబలమే. కాబట్టి ఆ వేగంలో స్టిక్ సిమెంటులో పాతినట్టు ఉండేది. పైగా ఎడమవైపు దొర్లినంత తేలిగ్గా కుడివైపు దొర్లేది కాదు.

రెండోది, ముక్కుని ఒక్కసారిగా కిందికి తోస్తే ఇంజన్ ఆగిపోతుంది. కారణం ఫ్లోట్ కార్బ్యురేటర్. పాత బైకుల్లో ఉండేదే: చిన్న గిన్నె, అందులో తేలే ఫ్లోట్. స్టిక్ ముందుకి తోసినప్పుడు పైలట్ సీట్లోంచి పైకి లేచినట్టవుతుంది చూడండి, గిన్నెలో పెట్రోలు కూడా అలాగే పైకి లేచిపోతుంది. కార్బ్యురేటర్‌లో పెట్రోలు చిమ్మే సన్న రంధ్రానికి, అంటే జెట్‌కి, పెట్రోలు అందదు. మా సెస్నాలోనూ ఇంతే. ఒక ట్రైనీ కుర్రాడు టెన్షన్ పడిపోయి వచ్చి, గాల్లో ఇంజన్ కట్ అయిందని స్నాగ్ (లోపం ఉందని ఫిర్యాదు) రాశాడు. నేను రెండు గంటలు నేలమీద నడిపి చూశాను. ఏ లోపమూ లేదు. చివరికి నెమ్మదిగా అడిగితే ముక్కు గట్టిగా కిందికి తోశానని చెప్పాడు. బ్రిటిష్ వాళ్ళ స్పిట్‌ఫైర్లూ 1940లో ఇదే జబ్బుతో బాధపడ్డాయి. బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు మరుసటి ఏడాది ఒక చిన్న లోహపు బిళ్ళతో దాన్ని చాలావరకు అదుపులో పెట్టింది. కాబట్టి జబ్బు కొత్తది కాదు, శత్రువుకి కూడా అది ఉందని ఖాయంగా తెలియడం కొత్త.

ఈ రెండూ కలిపితే పైలట్‌కి ఒక పని దొరికింది. జీరో వెనకపడితే ముక్కు కిందికి తోసి డైవ్ చెయ్యి, వేగం పెంచు, ఆ వేగంలో గట్టిగా కుడికి దొర్లు. కోర్సేర్ అనే అమెరికా యుద్ధ విమానం నడిపిన మెరీన్ పైలట్ కెనెత్ వాల్ష్ ఇదే పద్ధతితో వెనకపడ్డ జీరోల నుంచి తప్పించుకున్నానని తర్వాత చెప్పాడు. ఆయన యుద్ధంలో 21 విమానాలు కూల్చాడు.

మరి హెల్‌క్యాట్ సంగతి?

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. హెల్‌క్యాట్ నమూనాకి అమెరికా నేవీ కాంట్రాక్టు 1941 జూన్‌లో ఇచ్చింది. అప్పటికి అమెరికా యుద్ధంలోనే లేదు. మొదటి నమూనా 1942 జూన్ 26న ఎగిరింది. జీరో అకుటాన్‌లో కనబడింది జులై 10న. అంటే హెల్‌క్యాట్ ఎగిరిన రెండు వారాల తర్వాత. 2,000 హార్స్‌పవర్ ఆర్-2800 ఇంజన్ పెట్టిన నమూనా జులై 30న ఎగిరింది, జీరో అప్పటికి సియాటిల్ కూడా చేరలేదు. ఇక డిజైన్‌లో దాని ప్రభావం ఎక్కడిది?

అయితే ఈ పుకారు ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. హెల్‌క్యాట్లు 5,000కి పైగా జపాన్ విమానాల్ని కూల్చాయి. జీరోకి కచ్చితంగా మొగుడిలా వచ్చింది కాబట్టి, జీరోని చూసే చేసి ఉంటారని జనం అనుకున్నారు. నిజానికి గ్రమ్మన్ తన పాత వైల్డ్‌క్యాట్‌ని పెద్దది చేసి, పెద్ద ఇంజన్ పెట్టి, పైలట్‌కి కవచం పెట్టింది. జీరో ఇంజన్ 940 హార్స్‌పవర్ మాత్రమే. దాని గొప్పతనమంతా తేలికదనంలో ఉంది, సుమారు 2,400 కిలోల బరువుతో 3,000 కిలోమీటర్లు పోయేది. ఇది పూర్తిగా వేరే దారి.

వ్యూహాల విషయంలోనూ మొత్తం గొప్పతనం ఈ ఒక్క విమానానికే కట్టబెట్టకండి. జాన్ థాచ్ అనే అధికారి రెండు విమానాలు ఒకదానికొకటి అడ్డంగా నేస్తున్నట్టు ఎగిరే పద్ధతిని 1941లోనే ఆలోచించాడు. దాన్ని పసిఫిక్ సముద్రంలో జరిగిన మిడ్‌వే యుద్ధంలో వాడింది 1942 జూన్ 4న, కోగా అకుటాన్‌లో పడిపోయిన రోజునే. జీరో చేతికి రాకముందే అమెరికన్లు నేర్చుకుంటున్నారు. జపాన్ నౌకాదళ అధికారి మసతాకే ఒకుమియా మాత్రం ఈ విమానం శత్రువుకి చిక్కడం మిడ్‌వే ఓటమికి తీసిపోని దెబ్బ అని రాశాడు. నా ఉద్దేశంలో అది ఎక్కువ చెప్పడమే. మిడ్‌వేలో నాలుగు విమాన వాహక నౌకలు పోయాయి. ఒక విమానాన్ని పరీక్షించడం దానికి సాటి రాదు. కానీ ఎదురుగా ఉన్నదానికి దెయ్యపు శక్తులు లేవని, ఈ వేగం దాటితే దాని చేతులు కట్టేసినట్టేనని అంకెతో చెప్పగలగడం పైలట్‌కి ఎంత ధైర్యమో, విమానాల మధ్య బతికినవాడిగా నాకు తెలుసు.

దొరికిన జీరో ఇదొక్కటే కాదు

త్వరగా చెప్తాను. 1941 నవంబరులో చైనాలోని లెయ్‌జౌ ద్వీపకల్పం తీరంలో దిగిన ఒక జీరోని గెర్‌హార్డ్ నోయిమన్ అనే జర్మన్ మెకానిక్ గుయిలిన్‌లో ఎగిరేలా చేశాడు. అది అప్పటి మన కరాచీ మీదుగానే అమెరికా వెళ్ళింది. తర్వాత ఆయనే జనరల్ ఎలక్ట్రిక్‌లో జెట్ ఇంజన్ల విభాగానికి పెద్ద అయ్యాడు. ఆస్ట్రేలియాలో మెల్విల్ దీవి మీద 1942 ఫిబ్రవరి 19న, డార్విన్ దాడి రోజున, ఒక జీరో దిగిపోయింది. దాని పైలట్ తొయోషిమాని మథాయస్ ఉలుంగురా అనే స్థానిక తివీ యువకుడు పట్టుకున్నాడు. మన 4593 నగోయాలో తయారైందీ ఆ రోజే. బ్రిస్బేన్‌లోని ఈగిల్ ఫార్మ్‌లో న్యూగినీలోని బునా నుంచి తెచ్చిన భాగాలతో కట్టిన ఇంకొకటి 1943 జులైలో ఎగిరింది.

మన తీరానికి సంబంధం

మాది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేసిన విమానాలు ఏ ఓడ నుంచి వచ్చాయో తెలుసా? ఇదే ర్యూజో నుంచి. కోగా అలాస్కా వెళ్ళడానికి రెండు నెలల ముందు. మా మామ్మ ఆ రోజు గురించి చెప్పేది. సామాన్లు మూటగట్టి రెండెడ్ల బళ్ళ మీద పెద్దాపురం వైపు వెళ్ళిపోయారట, పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి. చిన్నప్పుడు నాకది కథ. సర్వీసులో చేరాక ర్యూజో పేరు చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఒక్క జాగ్రత్త: మన మీద బాంబులు వేసినవి బాంబర్ విమానాలు, అకుటాన్ జీరో వాటిలో లేదు. ప్రాజెక్టులో ఆ రెండూ కలిపెయ్యకండి. ర్యూజో 1942 ఆగస్టు 24న మునిగిపోయింది. ఆ తర్వాత 27 రోజులకి కోగా విమానం అమెరికా గుర్తులతో శాన్ డియాగోలో లేచింది.

ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు

1945 ఫిబ్రవరిలో నార్త్ ఐలండ్‌లో కమాండర్ రిచర్డ్ క్రోమెలిన్ ఆ జీరోని నేలమీద నడుపుతుంటే వెనకనుంచి వచ్చిన హెల్‌డైవర్ విమానం మీదికెక్కింది. దాని ప్రొపెల్లర్ తోక దగ్గరినుంచి కాక్‌పిట్ దాకా ముక్కలు చేసుకుంటూ వచ్చింది. క్రోమెలిన్ బతికాడు. అందులోంచి తీసి దాచిన కొన్ని మీటర్లు వాషింగ్టన్‌లోని నేవీ మ్యూజియంకి చేరాయి.

కోగాని మొదట దీవి మీదే పాతిపెట్టారు. 1947లో అవశేషాల్ని కిస్కా దీవికి మార్చారు. అక్కడున్న జపాన్ సైనికుల అవశేషాలు 1953లో స్వదేశం చేరాయి.

జీరో అంటూ ఒకటి చూడాలనుంటే, అమెరికాలో మీ వాళ్ళెవరైనా ఉంటే కాలిఫోర్నియాలోని చీనో ఊరికి వెళ్ళమనండి. అక్కడి ప్లేన్స్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో 61-120 అని రాసున్న ఏ6ఎం5 ఉంది. 1944లో సైపాన్ దీవిలో పట్టుకున్నది, జీరోలకి మొదట్లో పెట్టిన అసలు సకాయే ఇంజన్‌తోనే ఎగరగలిగే జీరో. మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నేనక్కడ రెండు గంటలు నిలబడ్డాను. రివెట్ల తలలు రేకులో కలిసిపోయి చెయ్యి జారిపోయేటట్టు ఉంటాయి. విశాఖలో ఉన్నవాళ్ళు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో 1942 దాడినాటి జపాన్ బాంబు తొడుగు చూడొచ్చు.

మీ అబ్బాయిని ప్రాజెక్టులో ముందు తేదీల పట్టీ గియ్యమనండి: జూన్ 4, జూన్ 26, జులై 10, జులై 30, సెప్టెంబరు 20. హెల్‌క్యాట్ ప్రశ్నకి జవాబు ఆ ఐదు తేదీల్లోనే ఉంది. పక్కన ఒక ఫ్లోట్ కార్బ్యురేటర్ బొమ్మ వెయ్యమనండి. ఊళ్ళో పాత బైకులు రిపేరు చేసే షాపుకి తీసుకెళ్తే అసలుది విప్పి చూపిస్తారు. బొమ్మ వేశాక ఇక్కడ పెట్టండి, తప్పులుంటే చెప్తాను.